ఏడో ఫ్యూజు

గుణుపురంలో పొట్నూరు వారి లాడ్జికి
కొత్త బోర్డు కట్టమని పిలిచారు.
మెట్ల కింద, చీపుర్లకీ ఫినాయిలు డబ్బాకీ వెనక
పాతది ఉంది. టేకు చెక్క,
ఇనప పెట్టెలో మెయిను, పక్కన బండి బ్రేకులాంటి పిడి,
పింగాణీ ఫ్యూజులు ఎనిమిది,
బోర్లించిన టీ కప్పుల్లా.

ఒక్కోటీ లాగి చూశాను.
ఒకదాన్లో సిగరెట్టు పెట్టె వెండికాగితం,
ఒకదాన్లో సైకిలు బ్రేకు తీగలోంచి పీకిన పోగు.
ఏ రాత్రి, ఏ వానలో, ఎవరు తొందరపెడితే చుట్టాడో
దండాసి మేస్త్రి.
నేను పర్లాకిమిడిలో పని నేర్చుకునే నాటికే పోయాడు.
చెక్క మీద పెన్సిలు రాత మాత్రం పోలేదు:

ఒకటి, గల్లా.
రెండు, మేడ గదులు.
మూడు, బావి మోటారు. ఆ బావి పూడ్చేసి
దాని మీదే ఇప్పుడు స్కూటర్లు పెడుతున్నారు.
ఐదు, రేడియో.
ఏడు దగ్గర పేరు లేదు.
"తియ్యకు" అని ఉంది.

"ఏం రాశాడు బాబాయ్?" అన్నాడు బైధర్,
నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు.
వాడికి తెలుగు నోటికొచ్చు, కంటికి రాదు.
నాకు ఒడియా అంతే.

మెయిను దించి అన్నీ తీసేశాం. ఏడోది కూడా.
కొత్త ఇనప డబ్బా, బూడిద రంగు,
పన్నెండు బ్రేకర్ల చోటు, రాగి బస్‌బారు,
ఎరుపు, పసుపు, నీలం తీగలు దువ్విన జడల్లా.
పైన ఒకటి పెట్టాను,
ఒంట్లోకి ముప్పై మిల్లీ ఆంపియర్లు జారితే చాలు
ఠక్కున పడిపోయేది.
పాత ఫ్యూజు మండేదాకా ఓర్చుకునేది,
ఇది ఓర్చుకోదు.

ఏడో తీగ గోడలో దూరి ఎటో పోయింది.
టేపు చుట్టి వదిలేశాను.

దీపాల వేళ ఒకామె వచ్చింది,
ఒక చేతిలో బల్బు, ఒక చేతిలో మసిగుడ్డ.
బల్బుని చెవి దగ్గర పెట్టి ఆడించింది.
"ఇది బాగానే ఉంది బాబూ, దీపమే రాలేదు."
సందులో ఇస్త్రీ బల్ల పెట్టుకున్న కుంజ.
ఆ బల్బుకి స్విచ్చి లేదట, ఎప్పుడూ లేదట.
పొద్దున్నే గుడ్డతో పట్టుకుని విప్పుతారట,
చీకటి పడ్డాక బిగిస్తారట.
వాళ్ళ అత్త చేసేది. ఇప్పుడు తను.

గోడ అవతలికి వెళ్ళి చూశాను.
కర్రకి కట్టిన హోల్డరు,
కింద సగం మడిచిన పోలీసు చొక్కా,
బొగ్గులు చల్లారిపోతున్న పెట్టె.

తిరిగొచ్చి టేపు విప్పాను.
తీగ చివర కోసి, కొత్తగా చెక్కి,
పన్నెండో చోట ఆరు ఆంపియర్ల బ్రేకరు బిగించాను.
ఇన్నేళ్ళకి ఆ బల్బుకి ఒక కాపలా.

సాహుకారు కామేశం డబ్బు లెక్కపెడుతూ
కళ్ళజోడు పైకి తోసి చూశాడు.
"ఆ చివరిదేంటి?"
"ఖాళీయండి. స్పేరు."
"ఊఁ," అన్నాడు. "మా నాన్నడిగితే దండాసి కూడా
ఖాళీ అనే చెప్పేవోడు.
నెలకి పది యూనిట్లు తినే ఖాళీ."
ఒక నోటు తడిసిందని మార్చి ఇచ్చాడు.
ఇంకేం అనలేదు.

లేబుళ్ళు రాయడం బైధర్ పని.
పదకొండింటికి నేను చెప్పినట్టే రాశాడు.
పన్నెండో దాని దగ్గర కాసేపు ఆగి
స్కెచ్చి పెన్ను మూత పళ్ళతో పట్టుకుని
ఒడియాలో ఏదో రాశాడు.

ఏంటని అడగలేదు నేను.
స్పేరు కన్నా పొడుగ్గా ఉంది.