ఒక్క పన్ను పడిన వల

ముఖాన్ని కంగా గుడ్డలో దాచుకొని వచ్చింది కబూలా,
ఐదు వానాకాలాలు ఆగి.
మ్వాంజా సరస్సు రేవులో
ఎండు దగా చేపలు డబ్బాలతో కొలిచి అమ్మే మనిషి.
కంగా అంచున అచ్చేసిన స్వాహిలీ మాట
ఎక్స్‌రే గది దీపం కింద చదివాను:
"అడగొద్దు, నేనే చెబుతా."

చెప్పింది.
మొదట కుడివైపు వెనక, శనగగింజంత.
తర్వాత కోడిగుడ్డంత.
ఇప్పుడిదిగో, చెవి కింద నుంచి గడ్డం దాకా.
నొప్పా? ఒక్క రాత్రీ లేదు.
ఉంటే అప్పుడే వచ్చేదాన్ని కదా నాయనా.
పెదవికి తిమ్మిరి లేదు. దవడపళ్ళు రెండు మాత్రం
నీళ్ళలో నానిన గుంజల్లా ఊగుతున్నాయి.

డాక్టర్ ల్వాకటారే బొటనవేలితో మెల్లగా నొక్కాడు.
లోపల ఎముక కిర్రుమంది, వినీ వినబడకుండా,
పలచబడ్డ గుడ్డు పెంకులా.
ఆయన నా వైపు చూశాడు.
గడ్డం ఇక్కడ ఆనించు. కదలకు.
యంత్రం ఆమె తల చుట్టూ గుడ్డిగా తిరిగొచ్చింది.

ఫిల్ము వెలుగుపలకకి తగిలించాను.
తెల్లని ఎముకలో నల్లని గదులు,
గది పక్కన గది, మధ్య వెంట్రుకవాసి గోడలు.
సబ్బు నురగ అని మాకు నేర్పారు,
తేనెపట్టు అనేవాళ్ళూ ఉన్నారు.
పళ్ళ వేళ్ళు కత్తితో తెగ్గొట్టినట్టు మొండిగా ఆగిపోయాయి.
అట్టడుగున, ఎముక అంచుకు నెట్టేస్తే,
ఏనాడూ పైకి రాని జ్ఞానదంతం
పక్కకి ఒరిగి పడుకుంది.

"నురగేంటి," అంది కబూలా. "వల.
మావాళ్ళు రాత్రిళ్ళు లాంతర్లు పెట్టి వేసేది.
ఇవి కళ్ళు. ఇదుగో, ఇక్కడ చిరిగింది."
వేలు కిందికి జారి ఆ పంటి మీద ఆగింది.
"ఇంతా చేసి ఒక్కటే పడింది."

పంటికి పింగాణీ పూయాల్సిన కణాల తాలూకు మిగులట.
ఒక్క పొరా పూయలేదు. గదులే కట్టుకుంటూ పోయాయి.
క్యాన్సర్ కాదన్నాడు డాక్టర్.
"అయితే మంచిదే?"
"మంచిదే, ఇల్లు ఖాళీ చెయ్యదు అంతే.
గీకి తీస్తే మళ్ళీ కడుతుంది.
అటూ ఇటూ బాగున్న ఎముక కూడా వేలెడు కలిపి కోయాలి."

ఎంత?
మొత్తం ఆరు వేళ్ళు.

కంగా విప్పి భుజాన వేసుకుంది,
తెల్లారి తొలి పడవ దిగేటప్పుడు నిలబడే తీరున.
"నాలుగు," అంది.
ల్వాకటారే నవ్వలేదు. "ఆరు."
"నాలుగున్నర."

నేను అటు తిరిగి ఫిల్ము సంచి మీద
పేరూ తేదీ రాశాను, కుడి అని గుర్తు పెట్టాను.
ఇటు తిరిగేసరికి
ఆ నల్లని గదుల మీద వేళ్ళు పరిచి చూసుకుంటోంది,
ఒక చేతివి అయిదూ, రెండో చేతిది ఒకటీ.
పలక మీద చేపపొలుసు ఒకటి అంటుకొని మెరుస్తోంది.
తుడవలేదు నేను.