పచ్చ వల

మంచుదేశంలో ఎవరో మొదట
ఫర్ చెట్టుకి ఆపిల్ పళ్ళు కట్టారట.
కొవ్వొత్తులు ఆ తర్వాతట.

మా ఓడలరేవులో మంచేదీ?
తాత సువార్తయ్య సరుగుడు మండ నరుక్కొచ్చి
ఇసక నింపిన పాలడబ్బాలో పాతేవాడు.
సిగరెట్టు పెట్టెల వెండికాగితమే చుక్కలు.

ఇక్కడ మహబూలాలో, ఆరో అంతస్తు గదిలో
పైపుముక్క నిలబెట్టి
సైటు నించి తెచ్చిన పచ్చ వల చుట్టాం.
ఎండకి వెలిసింది, అయినా పచ్చే.
గీకేసిన రీచార్జి కార్డులు దారాలకి వేలాడదీశాం:
ఒక్కో కార్డులో ఎన్ని "తిన్నావా"లో,
మధ్యలో తెగిపోయిన ఎన్ని మాటలో.

నైట్ డ్యూటీ దిగొచ్చిన షఫీకుల్
దేనికని అడగలేదు.
జేబులోంచి రెండు ఖర్జూరాలు తీసి కట్టాడు.

పొద్దున చూస్తే ఒకటే ఉంది.
సరే,
మొట్టమొదటి తోటలోనూ
చెట్టుకి పండు మిగల్లేదు గదా.