చప్పటి నీళ్ళు

వాల్వు తిప్పగానే ముందు గాలి దగ్గింది,
తర్వాత ఎర్రమట్టి,
తర్వాత నీళ్ళు.

హిరమండలం నుంచి వంశధారని
భూమిలోపల నడిపించుకొచ్చాం.
కవిటి దాటాక జీడితోటల్లో
అతుకు అతుకుకీ చెవి ఆనించి విన్నాను.

మడ్డు ఊర్మిళమ్మ దోసిలి పట్టి తాగింది.
"సప్పగున్నాయి బాబూ.
మా నూతిలోవి కొబ్బరినీల్లే.
ఆ తీపే మా ఇంటోడి కిడ్నీలు తినేసిందో, ఇంకేటో,
ఎవులూ సెప్పనేదు."

వారానికి మూడుసార్లు పలాస బస్సెక్కే మనిషి
అరుగు మీంచి గ్లాసునే చూస్తున్నాడు.
రోజుకి అరలీటరు. డాక్టరు లెక్క.

రిజిస్టర్లో రాసుకున్నాను:
ప్రెషర్ సరిపోయింది, లీకేజీ లేదు.

ఆమె గీత వరకే కొలిచి పోసింది.
మిగతా బిందెంతా మనవరాలిది.