ఇరవై నాలుగు గంటల డబ్బా

ఓదెలు బావ ఒక పగలు, ఒక రాత్రి పోసిన మూత్రం
ఐసుగడ్డల నడుమ, నా ఒళ్లె.
గోదావరిఖని నుంచి వరంగల్ బస్సు.
"కల్లా?" అన్నడు కండక్టర్. నవ్విన.

మూత్రపిండం నెత్తిన బాయి టోపీ లెక్క
చిన్న గ్రంథి ఉంటదట.
కప్పు కూలిన నాడు
సమ్మయ్యను భుజాన ఏసి
ఈయనను ఉరికించింది అదేనట.

పదకొండేండ్లాయె.
ఈయన రిటైరైండు,
అది మాత్రం డ్యూటీ దిగలే.
సైరన్ మోగకున్నా చెమటలు,
అన్నం ముందట కూసుంటే దడ,
బీపీ మిషన్‌ల ఎక్కుడే తప్ప దిగుడు లేదు.

హసన్‌పర్తి దాటంగ డబ్బా తడిమి చూసిన.
చల్లగనే ఉన్నది.

ల్యాబుల పిల్లగాడు రెండు లీటర్లని రాసుకున్నడు.
మిగతాది ఇంట్లనే ఉన్నది బిడ్డా,
గిన్నె కింద పడ్డా
లేసి నిలబడ్తది.