మూడు మీటర్ల తేడా

ఓర్వో ఫోన్‌ని పిచ్చుకపిల్లలా పట్టుకుంటాడు,
గట్టిగా నొక్కితే చచ్చిపోతుందేమోనన్నట్టు.
ముప్ఫై ఏళ్లు ఈ సరస్సుల పల్లెలకి ఉత్తరాలు మోసినవాడు,
ఏ గడపలో ఏ కుక్క కరుస్తుందో తెలిసినవాడు,
ఇప్పుడు ఉపగ్రహాన్ని దారి అడుగుతున్నాడు.
జియోకాషింగ్ అట. దాచేది ఎవరో, వెతికేది ఎవరో.

మొదటిది పడవల రేవు దగ్గర:
బెంచీ కింద అయస్కాంతంతో అతుక్కున్న
వేలెడంత డబ్బా.
లోపల చుట్ట చుట్టిన కాగితం, పేర్లు, తేదీలు.
మేమూ రాశాం. చోటు చాలక
త్యూనే అన్న నా పేరు తోక తేదీలోకి దూరింది.

రెండోది ఈతల పార్కులో, బట్టలు మార్చుకునే గది వెనక.
తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ బయటికొచ్చి
"ఏం పోగొట్టుకున్నారు?" అంది.
"ఏమీ లేదు, ఊరికే వెతుకుతున్నాం," అన్నాను.
ఆ జవాబు నాకే నచ్చింది.
తర్వాతి సరస్సు దాకా బుగ్గన పెట్టుకుని చప్పరించాను.

మధ్యాహ్నం నల్ల రొట్టె, పొగబెట్టిన చేప, ఫ్లాస్కులో కాఫీ.
మా ఇద్దరిలో ఎవరి రక్తం రుచో
దోమలకింకా తేలలేదు.
అవతలి గట్టున ఎవరో కట్టెలు కొడుతున్నారు,
గొడ్డలి దిగి, మళ్లీ లేచాక
తీరిగ్గా నీళ్లమీదుగా వచ్చింది చప్పుడు.

మూడోది ఓర్వో తానే దాచింది,
తొమ్మిదేళ్ల కిందట,
బిర్చి చెట్లు అయిపోయి పైన్ చెట్లు మొదలయ్యే చోట.
"కళ్లు మూసుకుని చూపిస్తా," అన్నాడు.
కళ్లు తెరుచుకుని గంటసేపు తిరిగాడు.
ఫోను ఇక్కడే అంటుంది, మూడు మీటర్ల తేడాతో.
మూడు మీటర్లలో ఎంత అడవి పడుతుందో
ఉపగ్రహానికేం తెలుసు!
వెతకబోయిన తీగ కాలికి తగల్లేదు,
తగిలింది చీమ.
ఆపైన మోకాళ్ల దాకా చీమలు.

నా నడుమెత్తు పుట్ట.
మట్టి కాదు, ఎండిన పైన్ సూదులు,
ఒక్కొక్కటీ మోసి, ఒక్కొక్కటీ పేర్చి.
దాని అంచున పచ్చ మూత మూల
గోరంత బయటికి కనిపిస్తోంది.

పుల్లతో కదపబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.
తలుపు తెరవని ఇళ్ల ముందు
ఆగే అలవాటు కాబోలు,
కాసేపు అలాగే నిలబడ్డాడు, టోపీ తీసి,
టోపీలోంచి చీమల్ని దులుపుకుంటూ.
"చిరునామా మారింది," అన్నాడు.

రాత్రి తొమ్మిది. ఇంకా ఎండ.
ఆ డబ్బాలో ఏం పెట్టావని కారెక్కాక అడిగాను.
"ఒక ఈల. రెండు గోళీలు. పెన్సిలు ముక్క."
రెండు వంతెనలు దాటాక,
రోడ్డు మీంచి చూపు తిప్పకుండా,
"చక్కెర బిళ్లలు," అన్నాడు.