పైత్యం

మాకు జూలై అంటే చలికాలం.
ఇంపీరియల్ నది మీంచి లేచిన మంచు
ఆసుపత్రి కిటికీలకు తడిగుడ్డలా అతుక్కుంది.
లికాన్‌రాయ్ నా ముందు చేతులు చాచింది,
పాత బాకీ అడగడానికి వచ్చినట్టు.

అరచేతుల నిండా గీతలు.
నుదుటిరాతలు చదివేవి కావు, గోళ్ళు గీసినవి.
దద్దురు లేదు, పొక్కు లేదు.
"పగలు ఎలాగో మగ్గం ముందు కూర్చుంటాను మంత్రసానమ్మా,
రాత్రైతే పాదాల్లో చీమలు పుట్టలు పెడతాయి.
మంచుపెళ్ళలు తేలే బకెట్లో కాళ్ళు పెట్టుకుని
తెల్లారే దాకా గొర్రెలతో మాట్లాడుతున్నాను."

ముప్పై మూడో వారం.

ఈ చేతులు నాకు తెలుసు.
మూడేళ్ళ కిందట కూడా నా ముందుకే చాచింది.
అప్పుడు నవ్వాను.
అరచెయ్యి దురదపెడితే డబ్బొస్తుందిలే అన్నాను.
గులాబీరంగు పూతమందు సీసా ఇచ్చాను.
మళ్ళీ వస్తే,
అంతా నీ పైత్యం అన్నాను.

పైత్యమే.
విసుక్కుని నేనన్న మాట
నిజంగానే ఆమె నెత్తుట్లో తిరుగుతోంది.
కాలేయం గడప దాటలేని చేదు
వెనక్కి మళ్ళి, చర్మం కింద చేరి,
మాయ దాకా వెళ్ళింది.
ముప్పై ఎనిమిదో వారం, మంగళవారం,
బిడ్డ తన్నడం మానేసింది.
ఏ లోపమూ లేని పిల్ల. గోళ్ళు కూడా పెరిగాయి.
నేనే స్నానం చేయించాను.

ఈసారి నవ్వలేదు.
నెత్తురు తీసి, సీసా మీద పేరు రాసి,
ఏడింటి బస్సు డ్రైవరు చేతికిచ్చాను,
తెముకో దాకా ఒళ్ళో పెట్టుకోమని.
నాలుగో రోజు అంకె వచ్చింది:
పది దాటకూడని చోట నూట పన్నెండు.

వాళ్ళమ్మ అంది,
"నాకూ ఇంతే, మా పిన్నికీ ఇంతే,
మా ఇంట్లో చివరి నెలల్ని గోకుడు నెలలంటాం."
ఎంతమంది దక్కలేదని నేను అడగలేదు.
ఆమె మాత్రం వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది.

ముప్పై ఆరు నిండగానే నొప్పులు తెప్పించాం.
ఉమ్మనీరు పాచిరంగులో వచ్చింది.
తల్లికి నెత్తురు ఓ పట్టాన కట్టలేదు,
సూది మీద సూది, గుడ్డ మీద గుడ్డ.
రెండు కిలోల మూడొందల మగపిల్లాడు
ఊపిరి అందక రొమ్ము ఎగరేస్తూ
గాజుపెట్టెలో, నీలిదీపం కింద,
ఆరు రోజులు.

మూడో రాత్రి వెళ్ళి చూస్తే
లికాన్‌రాయ్ నిద్రపోతోంది.
దుప్పటి మీద అరచేతులు వెల్లకిలా ఉన్నాయి,
ఒక్క వేలూ కదలడం లేదు.
చాలాసేపు నిలబడ్డాను.

అలమరలో ఆ గులాబీ సీసాలు ఇంకా నాలుగున్నాయి.
పారెయ్యలేదు.
తలుపు తియ్యగానే కనపడేట్టు
ముందు వరసలో పెట్టాను.