నిచ్చెన పటం

కావలి కాలేజీ జువాలజీ ల్యాబులో
ఉత్తరపు గోడకి, రెండు మేకుల మధ్య
ఆరు మెదళ్ళ పటం.
అడుగున సొర. దాని నెత్తిన కప్ప.
కప్ప మీద తొండ, తొండ మీద పావురం,
పావురం మీద కుందేలు,
అన్నిటికీ పైన, కప్పుకి జానెడు దూరంలో, మనిషి.
మెట్టుమెట్టుకీ ముందుమెదడు
నూనెలో పూరీలా పొంగుతూ పోతుంది.
దుమ్ము దులపాలంటే స్టూలెక్కేది మస్తానయ్యే.

గురువారం ప్రాక్టికల్స్.
తుమ్మలపెంట నించి పోలమ్మ
కొడుకు టీవీయస్ వెనక కూచుని, ఒళ్ళో తట్టతో,
పాలసొరలు తెచ్చేది.
మూరెడువి. కళ్ళింకా తడారనివి.
మస్తానయ్య బ్లేడుతో నెత్తి గీకేవాడు.
ఎముక కాదది, ముంజె మీది పొర.
పొర వెనక పొర.
ముప్పైమంది పిల్లలు అతని వేళ్ళ మీదికి వంగి
ఊపిరి బిగబట్టి చూస్తుంటే
తెల్లగా, వణుకుతూ, మెదడు.
ముందు రెండు కాడలు, కాడల కొసన ఘ్రాణ లంబికలు,
చీకట్లో గోడ కోసం తడుముకునే చేతుల్లా.

నేను సుద్దముక్క పట్టుకుని చెప్పేదాన్ని:
"చేపకి ముందుమెదడంటే ముక్కే.
ఆలోచన తర్వాతెప్పుడో, పై మెట్ల మీద."
ఇరవై రెండేళ్ళు చెప్పాను.
అలాగే రాసినవాళ్ళకి రెండు మార్కులు వేశాను.

ఒకసారి ట్రేలు కడుగుతూ,
కుళాయి చప్పుడు చాటున మస్తానయ్య అన్నాడు:
"చేపకి మతి ల్యాకుంటే
ఏరు నోరు తెరిసిన రోజుకి
మడవలు ఆడికే ఎట్టా వస్తాయి మేడం?"
నవ్వాను.
నవ్వడానికీ ముందుమెదడు కావాలి.

తర్వాత పుస్తకాలు మారాయి.
సొర ముందుమెదడులో వాసనకి దక్కింది ఓ మూలేనట.
మిగతాదంతా చూపుకి, ఒంటిని తాకే నీటి కదలికకి,
ఇంకా పేరు పెట్టని వాటికి.
పావురం మెదడు మీద మడతల్లేవు గానీ
లోపల ఆవాల మూటలా కణాలు కిక్కిరిసి ఉంటాయట.
రేవులో పోలమ్మ కత్తిపీట దగ్గర
కుంటికాలి కాకి ఒకటి ఉండేది.
పేగులు విసిరే చెయ్యి ఏదో, రాయి తీసే చెయ్యి ఏదో
దానికి ఏ పటమూ చూడకుండానే తెలుసు.

నిచ్చెన కాదు,
సర్కారు తుమ్మ పొద.
ఎటు చూస్తే అటు కొమ్మ, ఏదీ కొస కాదు.
తొండ నడినెత్తిన, చర్మం కింద,
వెలుతురు తెలిసే మూడో కన్ను ఒకటుంది.
మనం పైకెక్కుతూ ఎక్కడో పారేసుకున్నాం.
చూశారా, మళ్ళీ "పైకి" అనేశాను.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం మడవ మెదడు.
తల్లి కడుపులో మనకి
ముందుమెదడు గోడలు లోపలికి మడుచుకుంటాయి.
ముళ్ళున్న చేపకి అవే గోడలు
దొన్నె విప్పి పరిచిన ఆకులా
బయటికి విచ్చుకుంటాయి.
మనలో అట్టడుగు మడతలో ఉన్న దారుల జ్ఞాపకం
దానిలో వెలుపలి అంచున ఉంటుంది.
మనం పెట్టె అడుగున దాచి
తాళం ఎక్కడ పెట్టామో మరిచిపోయినదాన్ని
అది కొంగున ముడేసుకుని తిరుగుతుంది,
ఉప్పుటేటి నోటి దగ్గర విప్పుకుంటుంది.

ఇప్పుడు కోతలు లేవు, ఆపేశారు.
ట్రేలు బీరువా వెనక ఒకదాంట్లో ఒకటి.
పోలమ్మ రాదు. సీసాల్లో ఫార్మలిన్ పచ్చబడింది.
శుక్రవారం మస్తానయ్యకి రిటైర్‌మెంటు,
శాలువా తెప్పించాం, ప్రిన్సిపాల్ మాట్లాడతారు.

ఇవాళ మధ్యాహ్నం నేనే స్టూలెక్కాను.
అతను కింద నిలబడి, కదలకుండా,
రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు.
పటం కింద గోడ కొత్త సున్నంలా ఉంది,
దాని మీద ఒక బల్లి.
అది నన్ను చూసింది, ఎంతసేపో తెలీదు.
దాని తలలో ఏముందో
నాకు తెలీదని పైకే అన్నాను.

చుట్టిన పటం అందుకుంటూ అడిగాడు:
"మేకులు పీకమంటారా మేడం, ఉండనీమంటారా?"